రాగిచేనులో నల్లగీత

మా అన్న పోయిన కబురు వచ్చేసరికి నేను మదనపల్లెలో, బడి ఆవరణలో, ప్రార్థన వరుసల వెనక నిలబడి ఉన్నాను. మిషన్ వాళ్ల పాత బడి అది. అక్కడ నేను డ్రాయింగ్ టీచరును. పిల్లలు కీర్తన పాడుతున్నారు. చేతిసంచిలో ఫోను ఆగి ఆగి అదురుతోంది. పాట అయ్యేదాకా తీయకూడదని ఊరుకున్నాను. తీరా తీసి చూస్తే మా ఊరి నుంచి, మా పక్క చేను రైతు. చిన్నప్పటి నుంచీ ఆయన్ని మామా అని పిలవడం అలవాటు.

"పాపా, యాడుండావు?" అన్నాడు.

"బడిలో ఉండాను మామా. ఏమైంది?"

"మీ అన్నకు బాగలేదమ్మా. నువ్వు బయల్దేరి రా."

"బాగలేదంటే? జొరమా?"

వెనక ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. అది మా అమ్మ గొంతని పోల్చుకోవడానికి నాకు కాసేపు పట్టింది.

"చెప్పు మామా."

"ఏనుగు తొక్కిందమ్మా. బస్సెక్కి రా."

మా ఊరు కుప్పం దగ్గర, అడవి అంచున. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు దాటి పోవాలి. బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చుంది. ఒడిలో చెనిక్కాయలు పోసుకుని ఒలుచుకు తింటోంది. పుంగనూరు బస్టాండులో బస్సు నిలిచిపోయింది. డ్రైవరు టీకి దిగాడు. పైన ఎవరో పాలక్యాన్లు సర్దుతున్న చప్పుడు. దిగి పరుగెత్తుకుంటూ పోవాలనిపించింది. ఆవిడ నా చేతిలో నాలుగు చెనిక్కాయలు పెట్టింది.

"యాడికమ్మా, కుప్పానికా?"

"ఊఁ."

"ఏం, పెండ్లికా?"

నాకేమైందో తెలియదు. "అవును, పెండ్లికే," అన్నాను.

"ఎవురిది?"

"మా అన్నది."

"మంచిది తల్లీ," అందావిడ. పలమనేరులో దిగిపోతూ నా భుజం తట్టి మరీ వెళ్లింది. చెనిక్కాయలు కుప్పం దాకా నా గుప్పిట్లోనే ఉండిపోయాయి.

*

మా నాయన నాకు ఊహ తెలియకముందే పోయాడు. అన్న పదో తరగతితో బడి మానేశాడు. నాకోసం చదువు మానుకున్నాడని ఊళ్లో అంటారు గానీ అది నిజం కాదు. చదువంటే అన్నకు ఒళ్లు మంట. చేనంటే ఇష్టం. తెల్లారి లేచి గెనిమల మీద, ఆ చేనుగట్ల వెంట, నడవకపోతే అన్నం సయించేది కాదు. మా పొలం పెద్దదేం కాదు. ఓ బోరు, కింద కొంచెం టమేటా, పైన అడవి వైపు రాగి.

నేను ఇంటర్ తప్పి ఇంట్లో పడి ఉన్న రోజుల్లో, గోడల మీద బొగ్గుతో కోళ్లను గీస్తూ కూర్చునేదాన్ని. అన్న ఎవరి దగ్గర విన్నాడో, ఒకనాడు నన్ను శ్రీకాళహస్తికి తీసుకుపోయి కలంకారీ పని చేసే ఒక ముసలాయన దగ్గర వదిలాడు. ఆయనే నా మొదటి గురువు. గుడ్డను కరక్కాయ రసంలో, గేదెపాలలో నానబెట్టి ఎండేయడం, వెదురుపుల్లకు గుడ్డపీలికలు చుట్టి కలం కట్టడం, ఇనప ముక్కలూ బెల్లమూ కుండలో పులియబెట్టి నల్లరంగు చేయడం ఆయన నేర్పాడు. ఆ నీళ్లు కుండలో ఉన్నంతసేపూ పలచని కషాయంలా ఉంటాయి. గుడ్డకు తగిలాకే నల్లబడతాయి. ఒకసారి పడిన గీతను చెరపడానికి లేదు. ఖాళీ అంటే ఆయనకు గిట్టదు. "గుడ్డ మీద బయలు వదిలితే దరిద్రమమ్మా. తీగ గీయి, పువ్వు పెట్టు, ఏదో ఒకటి నింపు," అనేవాడు.

తర్వాత తిరుపతిలో చిత్రకళ చదువుకున్నాను. అక్కడ మా సారు విదేశాల్లో ఉండి వచ్చినవాడు. లావుపాటి పుస్తకాలు తెరిచి చూపించేవాడు. మనిషంత ఎత్తు కాన్వాసు, దాని మీద ఒకటే రంగు. ఇంకో పుస్తకంలో జపాను వాళ్ల సిరా బొమ్మలు: ఒక మూల ఒక కొమ్మ, మిగతాదంతా వట్టి కాగితం. "చూసేవాడికి కూడా కొంచెం పని మిగల్చవమ్మా. అన్నీ నువ్వే చెప్పేస్తే వాడెందుకు నిలబడాలి?" అనేవాడు.

ఇద్దరి మాటా నాకు నిజమనే అనిపించేది. ఎన్నో ఏళ్లు నా బొమ్మలు ఎటూ కాకుండా ఉన్నాయి. సగం దాకా తీగలూ పూలూ, సగం నుంచి భయపడి వదిలేసిన ఖాళీ.

అన్నకు బొమ్మల గురించి ఏమీ తెలియదు. అన్నీ నచ్చేవి. ఏది చూపించినా ఒకటే అడిగేవాడు: "దీనికి ఎంతసేపు పట్టింది?" కలుపు తీతలాగే ఇదీ ఒక పని ఆయన లెక్కలో. ఒకసారి తెల్లటి కాన్వాసు మీద ఒకే ఒక తీగ గీసి తెచ్చాను. చాలాసేపు చూసి నవ్వాడు. "ఏం పాపా, కూలోళ్లు మద్యాన్నమే ఎల్లిపోయినారా?"

*

కుప్పంలో ప్రభుత్వాసుపత్రి వెనక ఒక గది ముందర మా ఊరివాళ్లు నిలబడి ఉన్నారు. మామ ఎదురొచ్చి నా సంచి అందుకున్నాడు. గది కాపలా మనిషి, "మొగం సూడద్దులేమ్మా, గుడ్డ కట్టినాక సూద్దురు," అన్నాడు. నేను చూశాను. దాని గురించి ఇక్కడ రాయను.

ఏం జరిగిందో మామే చెప్పాడు. ఆ వారమంతా ఏనుగుల గుంపు వస్తూనే ఉంది. రాగి కంకి పాలు పోసుకుని గట్టిపడే రోజుల్లో ఏనుగులు అడవిలో ఉండవు. ఊరి మగవాళ్లంతా కావలి కాసి, టపాసులు కాల్చి, డబ్బాలు కొట్టి వాటిని చెరువుకట్ట దాటించారు. పోయాయనుకున్నారు. తెల్లారుతుండగా కరెంటు వచ్చింది. కరెంటు వచ్చిందంటే మోటరు వేసుకోవాలి, మళ్లీ ఎప్పుడు పోతుందో తెలియదు. అన్న మోటరు కొట్టం వైపు నడిచాడు.

"ఒకటి ఎనకబడిపోయిండాదమ్మా. దంతాలది. కొట్టం పక్కనే నిలబడి తింటాండాది. మంచు తెల్లగా కప్పేసిండాది. బండ అనుకున్నాడో ఏమో మీయన్న. నేను ఆ గెనిమ మీద నుంచి అరిచినాను. ఇనపడిందో లేదో."

మా వాళ్లలో పూడ్చడమే ఆచారం. సాయంత్రానికి చేను మూలలో, టమేటా వైపు, పూడ్చాము. వదినను ఇంట్లోనే ఆపేశారు. ఆమె స్పృహ తప్పి లేస్తోంది, మళ్లీ తప్పుతోంది. ఆడవాళ్లు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల పాప, ఇంకా బడికి వేయని పిల్ల, ఆ సందడికి సంబరపడి వచ్చినవాళ్లందరికీ నీళ్లచెంబు అందిస్తూ తిరుగుతోంది.

మర్నాడు పొద్దున నేనొక్కదాన్నే చేనికి పోయాను. మంచు విడిపోతోంది. రాగిచేను నడుం ఎత్తున, పండి, ఎర్రమట్టి రంగులో నిలబడి ఉంది. అడవి వైపు నుంచి ఒక దారి దిగింది. దారి అని ఎవరూ వేసింది కాదు. కంకులన్నీ ఒకే వైపుకి పడుకుని, మంచుకు తడిసి, మట్టిలో నలిగి నల్లబడ్డాయి. పైనుంచి కొట్టం దాకా తిన్నగా ఒకే గీత. అటూ ఇటూ చేను చెక్కుచెదరలేదు. కొట్టం ముందర ఆ గీత ఆగిపోయింది. అక్కడ కొంతమేర కంకులు లేవు, వట్టి నేల. ఎవరో మన్ను కప్పి పైన ముళ్లకంప వేశారు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఏడుపు రాలేదు. ఆ గీత ఎంత తిన్నగా ఉందో అనుకోవడం మాత్రం గుర్తుంది.

*

మా ఇంట్లో ఆ రోజుల్లోనే చీలిక వచ్చింది. మా అమ్మ ఏనుగు అనే మాట అనదు. "ఆయప్ప" అంటుంది, పెద్దాయన అన్నట్టు. ఏనుగులు పంట తిన్నా, బోరు పైపులు విరగ్గొట్టినా, "ఆయప్ప వచ్చిపోయినాడు" అనేది. ఆ వైపు పాతకాలం మనుషులు చాలామంది అంతే. పిల్లల్ని కూడా వాటిని తిట్టనివ్వరు.

పరామర్శకు వచ్చినావిడ ఎవరో ఆ జంతువును తిడుతుంటే అమ్మ అడ్డుపడింది. "అనద్దు తల్లీ. ఆకిలై వచ్చినాడు. ఆయప్పకేం తెలుసు ఎవురి బిడ్డో."

మూలన పడుకుని ఉన్న వదిన లేచి కూర్చుంది.

"ఆయప్పా? ఏమిటికత్తా ఆయప్ప? నీ కొడుకును నేలకేసి తొక్కింది, దానికి అప్పా అని పేరు పెడతావా?"

"నోరు మంచిది కాదమ్మణ్ణీ. ఇంటిమీదికి మళ్లీ వస్తారు."

"ఇంకేం మిగిలిండాదని వస్తారు?"

ఆ తర్వాత ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు అన్నం తినడం మానేశారు. ఒకరు వంటింట్లో, ఒకరు వసారాలో. నేను ఇద్దరికీ పెట్టి, ఇద్దరి కంచాలూ కడిగేదాన్ని.

దినాలకు ఫోటో కావాలన్నారు. అన్నకు ఒంటరిగా తీయించుకున్న ఫోటో ఒక్కటీ లేదు. ఎవరి పెళ్లిలోనో గుంపులో నిలబడింది ఒకటి దొరికింది. కుప్పంలో స్టూడియో అతను దాంట్లోంచి తలకాయ కత్తిరించి, పెద్దది చేసి, కింద కోటు, టై ఉన్న ఒళ్లు అతికించి ఇచ్చాడు. ముఖం తెల్లగా చేశాడు. పెదాలకు రంగు కూడా వేశాడు. వెనక నీలం ఆకాశం.

పూలదండ వేసి గోడకు ఆనించారు. వదిన చూసి, "ఈయన ఎవురు?" అంది. "నా మొగుడు టై కట్టినాడా ఎప్పుడన్నా? ఈడ కూర్చోబెట్టి ఎవురికి దండం పెట్టమంటారు నన్ను?"

దినాలైన కొన్నాళ్లకు వదిన పాపను తీసుకుని పుంగనూరులో పుట్టింటికి వెళ్లిపోయింది. వాళ్లకు అక్కడ పాడి ఉంది. ఆ ఫోటోను తీసుకుపోలేదు. ఆటో ఎక్కేముందు నా చేయి పట్టుకుంది.

"పాపా, నువ్వు బొమ్మలు గీస్తావు కదా. ఇన్నేండ్లు నేర్చుకున్నావు. ఆయన బొమ్మ గీసియ్యి నాకు. ఆ స్టూడియో బొమ్మ వద్దు."

గీస్తానని చెప్పాను.

*

మదనపల్లె తిరిగొచ్చాక రోజూ బడి వదిలాక కూర్చునేదాన్ని. పెన్సిలుతో మొదలుపెట్టాను. అన్న ముఖం నాకు తెలియనిదా? కుడి కనుబొమ్మ మీద చిన్నప్పుడు గడ్డిపార తగిలిన గాటు. నవ్వితే ఒక వైపే లేచే పెదవి. అన్నీ తెలుసు. కానీ కాగితం మీద నుదురు గీసి కళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆసుపత్రి వెనక గదిలో చూసిందే చేతిలోకి వచ్చేది. ఎన్ని కాగితాలు చించానో. కళ్లు మూసి ఉన్నట్టు గీశాను, పక్కకు తిరిగినట్టు గీశాను. దూరం నుంచి, చేనులో వంగి పనిచేస్తున్నట్టు కూడా గీసి చూశాను. అది ఎవరైనా కావచ్చు. మా అన్న కాలేదు.

క్రిస్మస్ సెలవులకు బడి ఖాళీ అయింది. డ్రాయింగ్ గది తాళం నా దగ్గరే ఉంటుంది. మా గురువు నేర్పినట్టే గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి ఎండేశాను. అది ఆరాక కాలేజీలో నేర్పినట్టు చెక్క చట్రానికి బిగించాను. కలంకారీ గుడ్డను ఎవరూ అలా బిగించరు. కాన్వాసును ఎవరూ పాలలో ముంచరు. అవేవీ అప్పుడు ఆలోచించలేదు. చేతులకు తెలిసిన పని రెండు వైపుల నుంచీ వచ్చి అక్కడ కలిసింది, అంతే.

వెడల్పాటి కుంచెతో రాగి పండిన రంగు, నీళ్లు ఎక్కువ కలిపి, పొర మీద పొర వేశాను. చేను గీయలేదు. కంకి ఒక్కటీ గీయలేదు. ఆ రంగు మాత్రమే, అంచు నుంచి అంచు దాకా. కింది భాగంలో కొంచెం చోటు వదిలేశాను, అక్కడ రంగు తగలనివ్వలేదు. గుడ్డ తన పాలరంగులోనే ఉండిపోయింది. మనిషి పడుకునేంత ఆకారం కూడా కాదది. కొంచెం నేల.

తర్వాత వెదురుకలం నల్లనీళ్లలో ముంచాను. పైఅంచు నుంచి ఊపిరి బిగబట్టి ఒకే గీత దించాను. నా చేయి కదులుతుండగా అది గోధుమరంగులో దిగి, వెనకే నల్లబడుతూ వచ్చింది. ఆ ఖాళీ అంచు దాకా వచ్చి ఆపేశాను.

పక్కన ఏదైనా గీయాలనిపించింది. గెనిమ, కొట్టం, కనీసం ఒక కంకి. కలం ఎత్తి, మళ్లీ కుండలో పెట్టేశాను. గదిలో బెంచీ మీద కూర్చుని అప్పుడు ఏడ్చాను. అన్న పోయాక అదే మొదటిసారి. బయట వాచ్‌మన్ తలుపు కొట్టి, "ఏమ్మా, ఒంట్లో బాగుండాదా?" అని అడిగేదాకా నా గొంతు నాకే వినపడలేదు.

*

దాన్ని దుప్పట్లో చుట్టి పుంగనూరుకు తీసుకుపోయాను. వదిన కొట్టంలో పాలు పితుకుతోంది. నన్ను చూసి బకెట్టు పక్కన పెట్టి, చీరకొంగుకు చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చింది. సన్నబడి ఉంది. పాప దుప్పటి ముడి తానే విప్పుతానని పేచీ పెట్టి విప్పింది.

వదిన చూసింది. వెనక ఇంకేదైనా ఉందేమోనని చట్రం తిప్పి చూసింది. మళ్లీ ముందుకు తిప్పింది.

"ఈడ మీయన్న యాడుండాడు?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఈ రంగు మన రాగిచేనని చెప్పాను. ఈ గీత... అక్కడికొచ్చేసరికి ఆమెకు అర్థమైంది.

"అది వచ్చిన దావా ఇది?"

నేను తలూపాను.

"నేను మొగం అడిగితే నువ్వు ఇది గీసుకొస్తావా?" ఆమె గొంతు పెద్దది చేయలేదు. చేసి ఉంటే బాగుండేది. "నన్ను ఆ చేను కాడికి పోనీకుండా ఇంట్లో పెట్టినారు. సూడకుండా ఉండాలనే కదా? సూడలేదు నేను. ఇప్పుడు ఇంటికి తెచ్చి సూపిస్తాండావు. గోడకు కట్టుకోని దినామూ సూసుకోమంటావా?"

"నా చేతికి ముఖం రాలేదు వదినా."

"రాకపోతే రాలేదని చెప్పు. ఇది నీ దుఃఖం పాపా. నాది కాదు. ఎత్తుకపో."

పాప బొమ్మను వేలితో తాకి, "నాయన యాడమ్మా?" అంది. వదిన దాని చేయి లాగి ఒళ్లోకి తీసుకుంది. నేను మళ్లీ దుప్పటి చుట్టాను. టీ తాగి పొమ్మని ఎవరూ అనలేదు, నేనూ కూర్చోలేదు.

ఆమె అన్నదాంట్లో తప్పు వెతకాలని బస్సులో ఎంతో ప్రయత్నించాను. దొరకలేదు.

కొన్ని నెలలు ఆ బొమ్మ నా అద్దెగదిలో ఉంది. గోడవైపు తిప్పి పెట్టేదాన్ని. తిప్పి పెట్టినా అది అక్కడ ఉందని తెలుస్తూనే ఉండేది. అమ్మ కళ్లు చూపించుకోవడానికి మదనపల్లె వచ్చి నా దగ్గర ఉన్నప్పుడు మంచం కిందికి తోశాను. ఆమె చూడలేదు. చూపించాలనీ నాకు లేదు.

నాతో చదువుకున్న స్నేహితురాలు ఒకామె బెంగుళూరులో బొమ్మల ప్రదర్శన పెడుతూ, నీదేదైనా పంపమంది. అదే పంపాను. ఇంట్లోంచి పోతే చాలనిపించింది.

ప్రదర్శనలో దాని ముందర జనం నిలబడ్డారు. నా బొమ్మ ముందు అంతమంది నిలబడడం అదే మొదలు. తూర్పు గీత, పడమటి ఖాళీ ఒక చోట చేరాయని ఒకాయన తన పక్కనున్నవాళ్లకు చెప్పాడు. తక్కువ గీతలతో చేసే మినిమలిస్ట్ పని మన గుడ్డమీద ఇంత సహజంగా కుదరడం చూడలేదని ఇంకొకామె అంది. హోటళ్లకు లోపలి అలంకరణ చేసే ఆయన ఒకరు నా దగ్గరికి వచ్చారు. మర్యాదస్తుడు. మెల్లగా మాట్లాడారు.

"ఎంత ప్రశాంతంగా ఉందండీ! మా హోటలు లాబీకి ఇలాంటిదే వెతుకుతున్నాను. లోపలికి రాగానే మనిషికి నెమ్మది కలగాలి."

నేను దాచలేదు. అది మా అన్న పోయిన చేనని, ఆ గీత ఏనుగు వచ్చిన దారని చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు, కళ్లలో తెలిసింది. తర్వాత అన్నారు: "క్షమించండి. అయినా నాకిదే కావాలి. కాకపోతే... ఆ సంగతి పక్కన రాయకుండా ఉంటే మంచిదేమో. అతిథులు వస్తుంటారు."

ఇచ్చేశాను. పేరేమి పెట్టమంటారని అడిగితే, "రాగిచేను, పొద్దున" అన్నాను. తర్వాత ఒకసారి బెంగుళూరు పోయినప్పుడు ఆ హోటలు ముందరగా పోతూ లోపలికి వెళ్లి చూశాను. కింద ఇత్తడి పలక మీద "మౌనం" అని ఇంగ్లీషులో ఉంది. బొమ్మ కింద ఎవరివో సూట్‌కేసులు పేర్చి ఉన్నాయి. ఒక కొత్త జంట దాని ముందర నిలబడి ఫోనులో ఫోటో తీసుకుంటున్నారు. ఆ అమ్మాయి నన్నే పిలిచి, "కొంచెం తీస్తారా అక్కా," అంది. తీశాను. బాగా వచ్చిందని మురిసిపోయింది.

*

ముఖం మాత్రం చివరికి గీశాను. ఎండాకాలం సెలవుల్లో పుంగనూరు పోయి, వదిన వద్దన్నా వినకుండా నాలుగు రోజులు ఉన్నాను. పాపను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. నుదురూ కళ్లూ దానివి అచ్చం అన్నవే. గడ్డం మా అమ్మది. గాటు నాకు గుర్తున్న చోట పెట్టాను. ఖాళీ వదలకుండా, వెనక తీగలూ పూలూ నింపి, మా గురువు చూస్తే మెచ్చుకునేలా పూర్తి చేశాను.

అది మంచి బొమ్మ కాదు. అందులో ఉన్నది మా అన్న కాదని నాకు తెలుసు. పాప కళ్లలోంచి, అమ్మ గడ్డంలోంచి, నా మతిలోంచి ఏరి కూర్చిన మనిషి ఆయన. వదిన దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, వెలుతురు ఉన్న వైపుకి తిప్పి చూసింది.

"కొంచెం ఆయన మాదిరే ఉండాడు," అంది. గోడకు కొట్టించింది.

పాప ఇప్పుడు బడికి పోతోంది. ఇంటికి ఎవరొచ్చినా "మా నాయన" అని ఆ బొమ్మ చూపిస్తుంది. రేపు పెద్దదయ్యాక దానికి తండ్రి ముఖం అంటే గుర్తొచ్చేది నేను కల్పించిన ఆ ముఖమే. ఈ సంగతి తలచుకుంటే నాకు ఒక్కోసారి భయమేస్తుంది.

సంవత్సరీకానికి అందరం మా ఊళ్లో కలిశాం. చేనును మామ కౌలుకు తీసుకున్నాడు. రాగి మానేసి బంతి వేశాడు. బంతిని ఏనుగులు తినవట. చేనంతా పసుపు పూలు, కళ్లు చెదిరేంతగా. సమాధి దగ్గర దీపం పెట్టి ఇంటికి వచ్చి ఆకులు వేస్తున్నాం. మధ్యాహ్నం ఎండ ఇంకా తగ్గలేదు. చెరువు వైపు నుంచి కేకలు వినిపించాయి. మామ వాకిట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"పిలకాయల్ని లోపలికి పిలవండి. పగటిపూటే దిగినాయి. తలుపులేసి మిద్దెక్కండి!"

మిద్దె మీదికి ఎక్కాం. చెరువుకు అవతలి ఒడ్డున ఏనుగులు నీళ్లలోకి దిగుతున్నాయి. పెద్దవి కొన్ని, వాటి కాళ్ల మధ్యన ఒక పిల్ల. అమ్మ పిట్టగోడ దగ్గర నిలబడి చేతులు జోడించింది.

వదిన పెళ్లయి వచ్చినప్పటి నుంచీ వాటి అరుపు విన్నది, అవి విరిచిన చెట్లు చూసింది. పగటి వెలుతురులో వాటిని చూడడం అదే మొదలు. పిట్టగోడ పట్టుకుని కదలకుండా చూసింది. నీళ్లు ఒంటి మీద చల్లుకుంటూ ఒకటి ఒడ్డుకు తిరిగి నిలబడింది. దంతాలు ఎండలో మెరిశాయి. అది అదేనా, వేరొకటా, ఎవరు చెప్పగలరు?

"ఇంత పెద్దదా?" అంది వదిన.

ఆమె పిట్టగోడ వదిలేసి వెనక్కి తూలింది. నేను పట్టుకోబోయేంతలో అమ్మ చేతులు విడదీసి, వదిన రెండు భుజాలూ పట్టుకుని కిందికి కూర్చోబెట్టింది. తనూ పక్కనే చతికిలబడింది. అమ్మ ఆయప్ప అనలేదు. వదిన తిట్టలేదు.

అవి తమిళనాడు వైపు కదిలేదాకా అట్లాగే ఉన్నాం. కింద నుంచి మామ పిలిచాడు. "పోతాండాయి, ఇంక రాండమ్మా. అన్నం సల్లారిపోతాండాది."

మేం దిగి వచ్చాం. ఆకుల ముందు వదినా అమ్మా పక్కపక్కన కూర్చున్నారు. వదిన కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అమ్మ ఆమె ఆకులో ఇంకొంచెం పప్పు వడ్డించి, "తిను," అంది.